అద్దాలక్క హాల్లో ఉప్పునీళ్ళు

"నీ షోకేసు ఎప్పుడు తీసుకెళ్తున్నావురా?"

ఫోనులో అక్క అడిగిన మాట తమ్ముడికి ముందు బుర్రకెక్కలేదు. ఆ షోకేసు తనదన్న సంగతే అతను ఎప్పుడో మరిచిపోయాడు. చిన్న ఇంట్లోకి మారుతున్నప్పుడు "రెండు నెలలు ఉంచక్కా, తర్వాత నేనే పట్టుకుపోతా" అని అక్క హాల్లో పెట్టించాడు. ఆ రెండు నెలలూ సాగి సాగి, అతని పిల్లలు బడి దాటి కాలేజీలో పడ్డారు.

"ఇప్పుడు దాంతో నీకేమొచ్చిందక్కా? ఓ గోడకి పడుంది కదా."

"ఆ గోడే నాకు కావాలి."

"దేనికి?"

"సముద్రం పెట్టుకుంటా."

తమ్ముడు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. అవతల అక్క ఏమీ నవ్వడం లేదు.

ఆ వీధిలో ఆమెను అందరూ అద్దాలక్క అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, తిరిగే చక్రం ముందు కూర్చుని, కళ్ళద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీయడం ఆమె పని. చక్రం మీద సన్నగా నీళ్ళు పడుతుంటాయి, అద్దం అంచు కీచుమంటుంది, తెల్లటి బురద వేళ్ళకు అంటుకుంటుంది. చదువుకునే రోజులు అయిపోగానే ఆ కుర్చీలో కూర్చుంది, యాభై దాటినా అదే కుర్చీ. ముందు గదిలో ఓనరు నవ్వుతూ మాట్లాడి పంపిన జనమంతా ఈమె అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తారు కానీ, వెనక గదిలో ఒక మనిషి ఉందని చాలామందికి తెలియదు.

ఆమెకు పెళ్ళి కాలేదు. కుదరలేదని బంధువులంటారు, కుదుర్చుకోలేదని ఆమె అంటుంది. రెండో అంతస్తులో ఉన్న ఫ్లాటు మాత్రం ఆమె సొంతం, రెక్కల కష్టంతో కొనుక్కున్నది. గృహప్రవేశమైన నెలకే మొదలైంది అసలు కథ. "ఒక్కదానివే కదా, అంత హాలు ఏం చేసుకుంటావు" అంటూ చెల్లెలు తన పాత సోఫా పంపింది. పిన్ని కొడుకు వ్యాయామం సైకిలు పంపాడు. తమ్ముడి షోకేసు వచ్చింది. మడత మంచాలు వచ్చాయి. తాళం వేసిన సూట్‌కేసొకటి వచ్చింది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళకే గుర్తు లేదు. బాల్కనీలోకి వెళ్ళాలంటే అద్దాలక్క పక్కకు తిరిగి, పొట్ట బిగపట్టి నడవాలి. ఎవరింటికైనా చుట్టాలు ఎక్కువైతే "అక్క ఇంటికి పంపండి, ఖాళీయే కదా" అనేవారు. అంత సామాను మధ్య ఆ ఇల్లు ఖాళీ ఎలా అయిందో ఆమెకు ఎప్పుడూ అంతుపట్టేది కాదు. అయినా ఎవరినీ ఏమీ అనలేదు. అలవాటు పడిపోయింది.

కథ మలుపు తిరిగింది కంటి ఆసుపత్రిలో. తయారైన కళ్ళజోళ్ళు ఇచ్చి రావడానికి ఆమె అక్కడికి తరచూ వెళ్ళేది. వెయిటింగ్ హాల్లో ఒక పెద్ద అక్వేరియం ఉండేది. మామూలుగా ఇళ్ళలో కనిపించే ఎర్ర చేపల గాజుబుడ్డి కాదు, అసలైన సముద్రపు నీటిది. రాళ్ళ మీద ఊదారంగు పూత, వాటి మధ్య వేళ్ళలా ఊగే మెత్తటి జీవులు, ఆ వేళ్ళ సందుల్లో తెల్ల చారల నారింజ చేపలు. మొదటిసారి కాళ్ళు నొప్పి పుట్టి దాని ముందు కూర్చుంది. లేవాలనిపించలేదు. ఆమె దృష్టి ఎప్పుడూ అద్దం అంచు మీదే, ఒక వెంట్రుక మందం తేడా మీదే. ఇక్కడ మాత్రం దేన్నీ సరిచూడక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు. ఆ తర్వాత ఆసుపత్రి పని ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఒకనాడు వెళ్ళేసరికి అక్వేరియం లేదు. ఆ చోట గోడకు టీవీ వేలాడుతోంది. ఏ చూర్ణం తింటే జుట్టు పెరుగుతుందో ఎవరో అందులో అరిచి చెబుతున్నారు.

"చేపలేవండీ?" అని రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగింది.

"తీసేశామండీ. నిర్వహణ కష్టంగా ఉందట. ఎవరూ చూడ్డం లేదు కూడా."

"నేను చూస్తున్నాను కదా," అంది అద్దాలక్క.

ఆ అమ్మాయి మర్యాదగానే నవ్వింది. ఆ నవ్వుకే అద్దాలక్కకు ఒళ్ళు మండింది. ఎవరూ చూడటం లేదట! అంటే తను ఎవరూ కాదా? దుకాణానికి తిరిగి వచ్చేదాకా ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది. మర్నాడు పని అయ్యాక ఇంటికి వెళ్ళకుండా నేరుగా పెంపుడు చేపల దుకాణానికి వెళ్ళింది.

చేపల దుకాణాయన లావుపాటి మనిషి, ఎప్పుడూ తడి చేతుల్ని చొక్కాకు తుడుచుకుంటూ ఉంటాడు. ఆమె అడిగింది విని, తలకాయ అడ్డంగా ఊపాడు.

"సముద్రపు నీళ్ళ తొట్టా? వద్దమ్మా. హాయిగా రెండు గోల్డ్‌ఫిష్‌లు తీసుకెళ్ళండి."

"గోల్డ్‌ఫిష్ కావాలని అడిగానా?"

"అది కాదమ్మా. ఉప్పు కొలవాలి, వేడి చూడాలి, నీళ్ళు పరీక్ష చెయ్యాలి. ఒకరోజు మరిచిపోతే అన్నీ పోతాయి. చాలామంది మోజుపడి మొదలుపెడతారు, ఆర్నెల్లకి తొట్టి నా మొహాన కొడతారు."

"నేను కొట్టను. పెద్దది చెప్పండి."

"ఎంత పెద్దది?"

అద్దాలక్క రెండు చేతులూ బార్లా చాపింది. ఆయన నిట్టూర్చి స్టూలు చూపించాడు. ఆమె అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. ముందు తొట్టి కాదమ్మా, ముందు నేల చూసుకోవాలన్నాడు. నీళ్ళు, రాళ్ళు, స్టాండు అన్నీ కలిస్తే ఒక చిన్న కారు హాల్లోకి తెచ్చి నిలబెట్టినట్టేనట. కింద ఇంకో తొట్టి ఉండాలి, పై తొట్టిలో పొంగిన నీళ్ళు అందులోకి దిగి, వడకట్టుకుని, పంపుతో మళ్ళీ పైకెక్కాలి. నీళ్ళు నింపినా వెంటనే చేపలు వేయకూడదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు రాళ్ళను పట్టుకుని నీళ్ళలోని విషాన్ని తినడం నేర్చేదాకా వారాల తరబడి ఊరికే ఆగాలి.

"ఆగుతా," అంది.

ఒక ఇంజనీరుకు ఆమె ఎన్నోసార్లు కళ్ళజోళ్ళు చేసిచ్చింది. ఆయన్ని బతిమాలి ఇంటికి రప్పించింది. ఆయన బిల్డింగు ప్లాను చూశాడు, కింద పార్కింగ్‌లో స్తంభాలు చూశాడు, పైకొచ్చి సామాను సందుల్లోంచి పాక్కుంటూ హాలంతా తిరిగాడు. "మధ్యలో అయితే ఒప్పుకోను. ఈ గోడ వారన అయితే కింద దూలం ఉంది, నిశ్చింతగా పెట్టుకోవచ్చు," అని చేత్తో తట్టి చూపించాడు. ఆయన తట్టింది గోడను కాదు, తమ్ముడి షోకేసును.

అందుకే ఆ ఫోను.

ఆదివారం నాడు తమ్ముడు, మరదలు, చెల్లెలు కట్టగట్టుకుని వచ్చారు. కూర్చోవడానికి చెల్లెలి సోఫాయే గతి. అద్దాలక్క టీ ఇచ్చి, ఎదురుగా వ్యాయామం సైకిలు మీద కూర్చుంది, ఇంకెక్కడా చోటు లేక.

"ఈ వయసులో చేపలేంటి వదినా?" మరదలు గొంతు తగ్గించి, జబ్బు మనిషిని పలకరించినట్టు అడిగింది. "ఒంటరిగా ఉంటే మనసుకి ఏవేవో తోస్తాయి. మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండండి."

"నాకు మనసు బాగానే ఉంది. హాలే బాలేదు."

"అక్కా, పోనీ చిన్నది పెట్టుకో," అంది చెల్లెలు. "టీపాయ్ మీద పట్టేది. మా సామాను జోలికి రాకుండా."

"ఏం, మీ సామానుకి పెద్ద చోటు, నాకు టీపాయా?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అది కాదక్కా. ఆ షోకేసు మా ఇంట్లో పట్టదు. నీకు తెలీనిదా?"

"తెలుసు. నా ఇంట్లో కూడా పట్టడం లేదు. ఇన్నాళ్ళూ పట్టించాను."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"అమ్ముకో, ఎవరికైనా ఇచ్చెయ్, పొయ్యిలో పెట్టుకో. నెలాఖరుకి ఈ గోడ నాకు ఖాళీ అవ్వాలి. సోఫా, సైకిలు, మంచాలు, అన్నీ."

వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కకు కోపం రావడం వాళ్ళు చూసి ఉంటారు కానీ, కోపం లేకుండా ఇంత మాట అనడం ఎప్పుడూ చూడలేదు. మెట్లు దిగుతూ "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అని తమ్ముడు అన్న మాట ఆమె చెవిన పడింది.

ఆమె సర్దుకోలేదు. నెలాఖరు దాటినా ఎవరూ రాలేదు. దుకాణంలో సెలవు పెట్టి, సామాన్లు మోసేవాళ్ళను పిలిచి, ఎవరిది వాళ్ళ ఇంటికి పంపేసింది. ముందుగా ప్రతి ఇంటికీ ఫోను చేసి "బండి బయల్దేరింది, తలుపు తీసి ఉంచండి" అని చెప్పింది. తాళంచెవి లేని సూట్‌కేసు ఎవరిదో ఎవరూ ఒప్పుకోకపోతే, తాళం పగలగొట్టి చూసింది. లోపల పాత దిండు గలీబులు ఉన్నాయి, గచ్చు తుడవడానికి పనికొచ్చాయి. షోకేసు మాత్రం తమ్ముడి ఇంటి తలుపులో పట్టక, వాళ్ళ గుమ్మం ముందే వీధిలో నిలబడిపోయిందట. సాయంత్రం మరదలు ఫోను చేసి ఏడ్చింది. తమ్ముడు ఫోను చెయ్యడమే మానేశాడు.

అది మాత్రం అద్దాలక్కను లోపల కోసింది. వాడిని చంకనేసుకుని తిప్పిన మనిషి ఆమె. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేసింది. క్షమించమని అడగడానికి ఆమె చేసిన తప్పేమిటో ఎంత వెతికినా దొరకలేదు.

తొట్టి వచ్చిన రోజున వీధిలో సగం మంది పని మానుకుని నిలబడ్డారు. లిఫ్టులో పట్టలేదు. ఆరుగురు మనుషులు దాన్ని మెట్ల మీదుగా, మలుపు మలుపుకూ ఆగి, ఊపిరి పీల్చుకుంటూ మోశారు. మొదటి అంతస్తులో, సరిగ్గా ఆమె ఇంటి కింద, రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమ్మా, ఇది మా నెత్తిన పడేది ఎప్పుడు?"

"పడదు మాస్టారూ. ఇంజనీరు చూశాడు."

"ఇంజనీర్లు కట్టినవే పడతాయమ్మా," అని ఆయన తలుపు వేసుకున్నారు.

తర్వాతి వారాలు ఆమె జీవితంలో అన్నిటికంటే బిజీగా గడిచాయి. శుద్ధి చేసిన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, ఉప్పు పొడి కలిపి, కరిగేదాకా తిప్పేది. ఉప్పు ఎంతుందో చూడటానికి చేపల దుకాణాయన ఒక చిన్న గొట్టం ఇచ్చాడు. ఒక నీటిచుక్క దాని గాజు మీద వేసి, వెలుగు వైపు పెట్టి కన్నుతో చూస్తే, లోపల నీలమూ తెలుపూ కలిసే గీత ఏ అంకె దగ్గర ఆగిందో కనిపిస్తుంది. నీటిలో ఉప్పును బట్టి వెలుగు వంగుతుందట. వెలుగు వంచడమే జన్మంతా చేసిన పని కాబట్టి ఆ గొట్టం ఆమెకు భలే నచ్చింది. అవసరం లేకపోయినా రోజుకు రెండుసార్లు చూసుకునేది.

నీళ్ళు నిండాయి, రాళ్ళు దిగాయి, పంపు తిరిగింది. చేపలు మాత్రం లేవు. ఆ సమయంలోనే చెల్లెలు రాయబారానికి వచ్చింది.

"చేపలేవక్కా?"

"ఇంకా రాలేదు."

"మరి ఏం చూస్తున్నావు?"

"నీళ్ళు."

"ఇంత గొడవా చేసింది ఖాళీ నీళ్ళు చూడ్డానికా! జనం నవ్వుతున్నారే తల్లీ."

"నవ్వనీ. నువ్వు ఇలా పక్కకి జరుగు, లైటుకి అడ్డొస్తున్నావు."

చెల్లెలికి ఒళ్ళు మండినా, పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. సాయంత్రపు ఎండ తొట్టిలోంచి పడి గోడంతా వెలుగు అలలు ఊగుతున్నాయి. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అంతలో దెబ్బ పడింది. ఒక మధ్యాహ్నం ఆమె దుకాణంలో ఉండగా కరెంటు పోయింది. పంపు ఆగింది. పైకెక్కే పైపులో నీళ్ళు వెనక్కి జారాయి, వాటి వెంట పై తొట్టి నీళ్ళు కూడా ధారకట్టి కింది తొట్టిలోకి దిగాయి. కింది తొట్టిని ఆమె అంచుదాకా నింపి ఉంచింది, అదే పొరపాటు. అది పొంగి హాలంతా పారింది, గచ్చు పగుళ్ళలోంచి మాస్టారి పడకగదిలోకి దిగింది. దుకాణానికి వచ్చిన ఫోనులో ఆయన అరుపు ముందు గదిలో ఉన్న గిరాకీలకు కూడా వినబడింది.

ఆమె పరిగెత్తింది. హాల్లో చీలమండల దాకా కాదు కానీ, అడుగు పెడితే చప్పుడయ్యేంత నీళ్ళు. చీర ఎగదోపుకుని తుడుస్తుంటే మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన చేతిలో తడిసిన దుప్పటి ఉంది.

"చూడమ్మా! ఉప్పునీళ్ళు! నా మంచం మీద!"

"తప్పు నాదే మాస్టారూ. మీ సీలింగు నేను బాగుచేయిస్తా. పరుపు ఆరేయిస్తా."

"నాకు సీలింగు కాదు కావాల్సింది. ఇది ఇక్కడి నుంచి పోవాలి."

"అది పోదు."

ఆ ఆదివారం సాయంత్రం బిల్డింగు సెక్రటరీ పార్కింగ్‌లో మీటింగు పెట్టాడు. కుర్చీలు వేశారు, జనం బాగానే వచ్చారు. అద్దాలక్క వచ్చి చూసేసరికి ముందు వరుసలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఎన్నాళ్ళకో చూసింది వాడిని, కాస్త చిక్కినట్టున్నాడు.

"వీడినెవరు పిలిచారు?" అంది.

సెక్రటరీ నీళ్ళు నమిలాడు. "ఇంట్లో మగవాళ్ళు ఒకరుంటే మాట్లాడ్డానికి బాగుంటుందని నేనే ఫోను చేశాను మేడం."

"ఇంటి మనిషిని నేనున్నా కదా. నాతో మాట్లాడండి."

మాట్లాడారు. బరువన్నారు, ప్రమాదమన్నారు, వాసనన్నారు. ఒకావిడ దోమలన్నది. అద్దాలక్క నిలబడే అన్నిటికీ జవాబు చెప్పింది. నీళ్ళు ఎందుకు పొంగాయో, ఇకమీద పొంగకుండా ఏం చేసిందో చెప్పింది. చివరికి సెక్రటరీ విసిగి తమ్ముడి వైపు తిరిగాడు.

"మీరైనా నచ్చచెప్పండి సార్."

తమ్ముడు లేచాడు. అక్క వైపు చూడలేదు. "నేనా? నా షోకేసునే వీధిలో నిలబెట్టిన మనిషండీ ఈవిడ. సొంత తమ్ముణ్ణి, నా మాటే వినలేదు. మీ మాట వింటుందని ఎలా అనుకున్నారు?"

కుర్చీల్లో నవ్వులు లేచాయి. అతను మాత్రం నవ్వలేదు.

"ఇల్లు ఆవిడది. తప్పు ఒప్పుకుంది. బాగుచేయిస్తానంటోంది. మా అక్క చేస్తానన్నది చెయ్యకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అదే నా బాధ కూడా." అని కూర్చున్నాడు.

అద్దాలక్క తల వంచుకుని పైట సర్దుకుంది.

మాస్టారు మాత్రం మెత్తబడలేదు. వేలు చూపించి "ఇంకొక్క చుక్క పడిందా, పోలీసు స్టేషనుకే వెళ్తా" అన్నారు.

"వెళ్ళండి మాస్టారూ. ఆ రోజు నేనే తోడొస్తా."

మర్నాడే ఆయన్ని పైకి పిలిచింది. కింది తొట్టిలో నీళ్ళు బాగా తగ్గించి పెట్టింది, పైకెక్కే పైపుకు పై తొట్టి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం వేయించింది. నీళ్ళు కాస్త దిగగానే ఆ బెజ్జంలోంచి గాలి దూరి ధార తెగిపోతుంది. ఆయన చూస్తుండగా మెయిన్ స్విచ్ ఆపేసింది. పంపు మూగబోయింది. కింది తొట్టిలో నీళ్ళు లేచాయి, లేచాయి, అంచుకు జానెడు కింద ఆగిపోయాయి. మాస్టారు వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, చాలాసేపు ఆ అంచునే చూశారు. "ఊఁ" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా మెట్ల మీద ఎదురైతే ఆయన పలకరించరు, ఆమె మాత్రం పలకరిస్తుంది. ఆయన సీలింగుకు రంగు వేయించింది, ఆయన అడిగిన రంగే.

నీళ్ళలో విషం లేదని పరీక్షలో తేలిన నాడు చేపల దుకాణాయన రెండు నారింజ చేపల్ని సంచిలో తెచ్చాడు. ఇంత పట్టుగా నిలబడుతుందని ఆయనా అనుకోలేదు కాబోలు, తానే మోసుకొచ్చాడు.

"పెద్దది ఆడది, చిన్నది మగది," అన్నాడు. "తొట్టిలో పెత్తనం ఈ పెద్దదానిదే. ఇది కసిరితే అది ఒళ్ళు వణికించుకుంటూ ఒప్పేసుకుంటుంది."

ఆ మాట ఎలా పాకిందో, వారం తిరక్కుండా బంధువులందరి నోళ్ళలోనూ నానింది. మరదలు ఫోను చేసి నవ్వింది. తమ్ముడు వచ్చి, తొట్టి ముందు గచ్చు మీద చతికిలబడి, "ఏదక్కా, ఆ పెద్దది?" అని అడిగాడు. షోకేసు ఏమైందని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

మొదటి రోజుల్లో ఆ చేపలు రాళ్ళ వెనకే దాక్కున్నాయి. తర్వాత ఎడమ మూలనున్న రాయిని తమ సొంతం చేసుకున్నాయి. ఒక ఉదయం దుకాణానికి వెళ్ళే ముందు అద్దాలక్క గాజుకు పట్టిన పచ్చటి పాచి గీకడానికి మోచేతిదాకా చెయ్యి ముంచింది. పెద్ద చేప రాయి వెనక నుంచి దూసుకొచ్చి ఆమె మణికట్టు మీద కొరికింది. నొప్పేమీ లేదు, కానీ ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. మళ్ళీ ముంచింది. మళ్ళీ కొరికింది. వేలెడంత లేదు, రెక్కలు విప్పి, ఆమె చేతికి అడ్డంగా నిలబడి కదలనంటోంది.

అద్దాలక్క పకపకా నవ్వింది. "సరేలే తల్లీ, నీ చోటే. ఎవరు కాదన్నారు? ఈ కాస్తా గీకేసి పోతా, దారివ్వు."

అది దారివ్వలేదు. ఆమె ఆ మూల అలాగే వదిలేసి, చెయ్యి తుడుచుకుని, పనికి వెళ్ళింది.